నియాండర్తల్‌తో వియ్యం

ఆ ఆదివారం ఉదయం ప్రొఫెసర్‌గారి ప్లాన్ చాలా చిన్నది. కాఫీ తాగడం, పత్రికవాళ్ళు అభిప్రాయం కోసం పంపిన వ్యాసమేదో చదివి తిప్పి పంపడం, తర్వాత ఓ కునుకు తీయడం.

మన పూర్వీకులు, ఎప్పుడో అంతరించిపోయిన నియాండర్తల్ మనుషులతో కలిశారని, పిల్లల్ని కూడా కన్నారని, ఓ పాత ఎముకలో దొరికిన డీఎన్‌ఏను చూపించి ఆయన పదేళ్ళుగా వాదిస్తున్నారు. ఆ డీఎన్‌ఏ అంతా ఎముకను పట్టుకున్నవాళ్ళ చేతుల మురికేనని ఆయన తోడల్లుడు అంతే పట్టుదలగా కొట్టిపారేస్తున్నాడు. ప్రొఫెసర్‌గారి వ్యాసం ఆ పత్రికలోనే మూడేళ్ళుగా మూలుగుతోంది. ఈలోపు సంపాదకులు ముగ్గురు మారారు. వచ్చే నెల ఆయన రిటైరవుతున్నారు. ఈ సంచికలో రాకపోతే ఇక ఆ ఎముకను పట్టించుకునే నాథుడు ఉండడు.

అభిప్రాయానికి వచ్చే వ్యాసాల మీద రాసినవారి పేరు ఉండదు. మొదటి పేజీ చూడగానే ఆయనకు కాఫీ పొలమారింది.

"ఏమోయ్, మీ బావ పార్టీ ఫిరాయించాడు! నా వాదనంతా ఎత్తుకుపోయాడు!"

"బావే రాశాడని మీకెలా తెలుసండీ?" అంది భార్య.

"ఇంత చచ్చు భాష ఇంకెవడికి వస్తుంది?"

దొంగను ఆపాలంటే తన వాదనను తానే చీల్చి చెండాడాలి. ప్రొఫెసర్‌గారు నడుం బిగించారు. పదేళ్ళుగా తోడల్లుడు వేసిన ప్రశ్నలన్నీ వరసగా దించారు. ఎముక మురికి అన్నారు, లెక్క తప్పన్నారు, ఇంకో నలభై ఎముకలు చూసి రమ్మన్నారు. అప్పటికీ కసి తీరక, ఆ నియాండర్తల్ మొహానికి పిల్లనెవరిస్తారని కూడా రాశారు. పదకొండు పేజీలయ్యాయి. తన వాదనలో ఇన్ని బొక్కలున్నాయని ఆయనకే అంతవరకూ తెలియదు.

బుధవారం తోడల్లుడు ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, నీ వ్యాసం నాకూ పంపారోయ్. పేరు లేకపోయినా పోల్చుకున్నాను. తొమ్మిది పేజీల్లో ఎంత బాగా చెప్పావు! నా నోరు మూతపడింది. వెంటనే అచ్చెయ్యమని రాసేశాను."

ప్రొఫెసర్‌గారు ఆదివారం చీల్చి చెండాడిందీ తొమ్మిది పేజీలే. ఆయన రాసినవి ఎనభై పేజీలు. మొన్నీమధ్య కుదించమని పత్రికవాళ్ళు అడిగితే, శిష్యురాలికి అప్పగించి, "నేను చూడక్కర్లేదు, పంపెయ్యమ్మా" అన్నారు.

"కానీ నాతోపాటు అభిప్రాయం రాసిన ఆ రెండోవాడెవడో మహానుభావుడయ్యా! వాడి పదకొండు పేజీలు నాకు చూపించారు. చదివాక మళ్ళీ నా పాత మాటకే వచ్చేశాను. వియ్యమూ లేదు, గియ్యమూ లేదు!"

ఫోన్ పెట్టేసరికి సంపాదకుడి ఉత్తరం వచ్చి ఉంది. తమ అద్భుతమైన ఖండనను ఈ సంచికలోనే, తమ పేరుతోనే వేస్తున్నామని, అభినందనలని.

"ఏమండీ, మీది వేస్తున్నారా?" అంటూ భార్య ఆశగా పరుగెత్తుకొచ్చింది.

"వేస్తున్నారు," అన్నారాయన. "ఒక్క అక్షరం కూడా మార్చకుండా."