ఓడెట్ తేతా తృతీయ మరణ భంగము

అట్లాంటిక మహాసాగరోపకంఠమున, సరకు నౌకల ఘీంకారములతో చెవుడు పట్టిన దిక్కుల నడుమ, న్యూజెర్సీ సీమకు కంఠాభరణమై, కాకున్న కనీసము కాలి పట్టీయై వెలయు బేయోన్ పట్టణమున, నవంబరు ప్రథమ శనివాసరమున, అపరాహ్ణము నాలుగు గంటల పది నిమిషములు గతించిన మహాక్రూర ముహూర్తమున, ఒక వంటింటి బల్లమీద ఒక వృద్ధనారి ప్రాణములు ఊగిసలాడుచుండెను. ఆ సంగతి ఆమెకింకను తెలియదు. తెలిసినచో, క్యాబేజీ ఆకులలో బియ్యము పెట్టి మహ్షీ చుట్టుచు అంత తీరికగా కూర్చుండెడిది కాదు.

ఓ దరఖాస్తు దేవతా, సహస్రగడీ ధారిణీ, నీకు జోతలు. నీ గళ్ళన్నియు నింపితిమి. నీవడిగిన చోటులనెల్ల టిక్కులు పెట్టితిమి. అంతటితో నీ కడుపు నిండకున్న మా ముసలివాండ్రను తెచ్చి పెట్టెదము. ఆరగింపుము, కాని ఐదు గంటలలోపల ఆరగింపుము, అటుపై నీ పోర్టలు మూతపడునట కదా. పోరు, స్థలి అను రెండు మాటలు కలిసి పోర్టలయ్యెనని ఏ పండితుడును చెప్పలేదు. చెప్పకపోవుట ఆ పండితుల దురదృష్టము.

ఆ పట్టణమునకు మూడు గంటల ప్రయాణ దూరమున ఒక విద్యాలయము కలదు. పేరు మనకేల. డిగ్రీ చదువును డాక్టరు చదువును ఒక్క కొంగున ముడివైచి, ఎనిమిదేండ్ల మూటగా చేతికిచ్చుట దాని ఘనత. పదునేడేండ్ల ప్రాయమున ఒక్కసారి ఆ గడప దాటిన శిశువునకు నడుమ మరల ప్రవేశ పరీక్ష లేదు, దేబిరింపు లేదు. ఆ గడప దాటుటకు మాత్రము దేబిరింపు తప్ప వేరు మార్గము లేదు. సీట్లు పండ్రెండు. అర్జీలు మూడు వేలు. ఇంకను మొటిమలైన మానని ముఖముల వాండ్రు మూడు వేలమంది, తాము ఉయ్యాలలో ఉన్ననాటినుండియు మానవజాతిని ప్రేమించుచున్నామని ప్రమాణపూర్వకముగా ప్రకటింపవలెను. వారిలో అధిక సంఖ్యాకులు తమ్ముళ్ళనైనను ప్రేమింపరు.

ఆ మూడు వేలలో ఒకతె మన కథానాయిక వెరోనియా. ఆసుపత్రి నడవలలో మూడు వేసవులు చక్రాల కుర్చీలు త్రోసిన బాహుబలశాలిని, ప్రయోగశాలలో కప్పను కోయునపుడు కన్ను మూయని ధీర, ఈజిప్టు క్రైస్తవుల కాప్టిక్ చర్చి ఆదివారపు బడిలో పదునొకండుగురు పిల్లరాక్షసులను అదుపుచేయు సేనాని. వైద్యురాలు కావలెనన్నది ఆమె సొంత కోరిక. అమ్మది కాదు, చర్చిది కాదు. ఈ కథ మొత్తములో పరిహాసమునకు లొంగని సంగతి అదొక్కటే.

అర్జీలో సమస్తమును పూర్తియయ్యెను. మిగిలినది ఒక్క గడి. "మిమ్ము వైద్యవృత్తి వైపు నడిపించిన ఒక అనుభవమును రెండు వందల యేబది పదములకు మించకుండ వర్ణింపుడు." దీనిని వారు వ్యాసమందురు. వ్రాయువారు ఆయాసమందురు.

ఈ సంకట సమయమున బల్లమీది ఫోనులోనుండి వినవచ్చిన గంభీర స్వరము నబీల్ మాస్టారిది. చర్చి నేలమాళిగలో ప్రార్థన ముగిసిన పిమ్మట పిల్లలకు అర్జీ విద్య గరపు ఆచార్యుడీతడు. ఈతడు చదువు చెప్పడు, చావు చెప్పును. మృతుడు లేని వ్యాసమునకు సీటు లేదన్నది ఈతని సిద్ధాంతము.

"చూడమ్మా వెరోనియా, ఆ కమిటీలో కూచునేదెవరు? రోజుకి రెండొందల వ్యాసాలు చదివి మొద్దుబారిపోయిన మనుషులు. వాళ్ళు కదలాలంటే నీ వ్యాసంలో ఎవరో ఒకరు పోవాలి. ఎవరూ పోకుండానే డాక్టరవుతానంటే ఎలా నమ్ముతారు?"

"మా ఇంట్లో ఎవరూ పోలేదు మాస్టారూ. తాతయ్య పోయాడు గానీ అప్పటికి నేను పుట్టలేదు."

"మరి మీ తేతా?"

"మా నాయనమ్మా? ఇదిగో, ఎదురుగా కూచుని మహ్షీ చుడుతోంది."

"అది మనం చెప్తేనేగా వాళ్ళకి తెలిసేది."

ఆ మాట చెవిని పడినంతనే, శిశిర తుషార ధవళ కేశపాశయు, ముప్పదియేండ్లుగా షుగరు వ్యాధితో సంధి చేసికొని జీవించుచున్న రాజనీతిజ్ఞురాలును, ఎదుటివారి నడుము కొలత చూచి వడ్డించు దయాసముద్రయు అగు ఓడెట్ తేతా చుట్టుచున్న ఆకును సగములో విడిచి తలయెత్తెను.

"మళ్ళీనా?" అన్నది.

వెరోనియా తల్లి నెవీన్ గబగబ సర్దిచెప్పబోయెను. "వ్యాసంలోనే కదా అత్తయ్యా. నిజంగా కాదుగా."

"నువ్వూరుకో నెవీన్. చచ్చేది నువ్వు కాదు. రెండేళ్ళ కింద మీనా గాడు నన్ను గుండెపోటుతో చంపాడు. పోనీలే, పెద్ద కొడుకు బిడ్డ, గుండె అంటే పరువైన జబ్బు, మా నాన్న కూడా గుండెతోనే పోయాడు అని సర్దుకున్నా. పోయినేడు వాడి తమ్ముడు కిరోలోస్ మూత్రపిండాలు పాడుచేసి చంపాడు. నా మూత్రపిండాలకేం రోగమే? ఈస్టరు దాకా వాడితో మాట్లాడలేదు. ఇన్ని చావులు చచ్చినా ఒక్కడికైనా సీటొచ్చిందా? ఇప్పుడు నువ్వు దేంతో చంపుతావే పిల్లా, చెప్పు, వింటాను."

ముసలామె మనుమరాలి ముఖము చూచెను, గోడ గడియారము చూచెను, నిట్టూర్చెను. ప్రేమయను ఆయుధము ముందు ఎంతటి కోటయు ఎంతసేపు నిలుచును?

"సరే. గుండెతో అయితే ఒప్పుకుంటా. నిద్రలో పోవాలి. మా ఇంట్లో, నా మంచం మీద. దుప్పటి ఇస్త్రీది కప్పాలి."

ఫోనులో మాస్టారు గొంతు సవరించుకొనెను. "నిద్రలో పోతే అందులో వైద్యం ఎక్కడుందండీ? కనీసం మూడు వారాలు ఆసుపత్రిలో ఉండాలి. పిల్ల పక్కన కూచోవాలి, చెయ్యి పట్టుకోవాలి."

"మూడు వారాలు ఆ తిండి నేను తినను."

"రెండు."

"ఒకటి. అది కూడా కిటికీ పక్క మంచమైతేనే."

ఇట్లు సంధి కుదిరెను. రాజ్యములు చేతులు మారిన వేళలనైనను ఇంతకంటె నిక్కచ్చిగా బేరము జరిగి యుండదు. వెరోనియా కంప్యూటరు మీటలపై వ్రేళ్ళు మోపి, "మానవాళి సేవకై నా ఆజన్మ తృష్ణ" అను అర్థము గల ఆరు ఆంగ్ల పదములను మాస్టారి ఆజ్ఞానుసారము ముందే చివర పాతి, వాని పైన, ఎదుట కూర్చున్న నాయనమ్మను కిటికీ ప్రక్క మంచముపై పరుండబెట్టి, మెల్లమెల్లగా చంపనారంభించెను. సమయము నాలుగు గంటల ఇరువది యెనిమిది నిమిషములు.

సరిగా అప్పుడే వీథి తలుపు తెరచుకొని కిరోలోస్ లోనికి వచ్చెను. నిరుటి హంతకుడు. శనివారపు మహ్షీ వాసనకు ఎక్కడనున్నను రాక తప్పనివాడు.

"వచ్చావా, నా మూత్రపిండాల గండమా," అన్నది తేతా. "కూచో. ఇంకా ఉడకలేదు."

అతడు కూర్చుండక, చెల్లెలి భుజము మీదుగా తెరమీది అక్షరములు చూచి, ముఖము పాలిపోగా పలికెను. "ఆపవే వెరో. తేతాని చంపకు."

"ఏం, నువ్వు చంపితే లేదు గానీ?"

"నేను చంపబట్టే చెప్తున్నా. ఇదే కాలేజీ ఇంటర్వ్యూలో ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు నేను. మీనా, నేను, నువ్వు, అందరిదీ ఒకటే ఇంటిపేరు. మేమిద్దరం ఓడెట్ అని తేతా పేరు కూడా రాశాం. అక్కడ కూచున్న పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, 'ఏం బాబూ, మీ ఓడెట్ నాయనమ్మ అంతకుముందేడే గుండెపోటుతో పోయిందిగా' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"కోలుకుందన్నాను."

గిన్నెలోని నీరు సైతము ఒక్క క్షణము ఉడుకుట మానెనని చెప్పినచో అది అతిశయోక్తి, కాని ఇట్టి కథలయందు అది తప్పదు.

"పోయాక?" అన్నది నెవీన్.

"పోయాకే పిన్నీ. ఇంకేం చెప్పమంటావు? కోలుకుని, ఆ తర్వాత మూత్రపిండాలతో పోయిందన్నాను. ఆయన థాంక్స్ చెప్పి తలుపు తీశాడు."

ఫోను మాత్రము తొణకలేదు. "ఏం కంగారు లేదు," అన్నారు నబీల్ మాస్టారు. "తేతాని వదిలేద్దాం. పక్కింటావిడని చంపుదాం. ఆవిడ పేరేంటి?"

అప్పుడా వీరబాల యేమి చేసెనో వినుడు. కేకలు వేయలేదు, కన్నీరు పెట్టలేదు. ఫోను చేతబట్టి, ఎర్రని గుర్తుపై ఒక్క పోటు పొడిచి, ఆచార్యుని నోరు మూయించి, దానిని బల్లపై బోర్లా పడవైచెను. అటుపై తెరమీది మృత్యుశయ్యను, కిటికీని, ఇస్త్రీ దుప్పటిని ఒక్క మీట నొక్కుతో నిర్మూలించెను. ఆరు పదములు మాత్రము అడుగున మిగిలెను. నాలుగు గంటల ముప్పది నాలుగు నిమిషములు.

"తేతా, నీ కాలివేలు రాస్తా," అన్నది.

ముసలామె చేతిలోని ఆకు చిరిగెను.

ఆ వ్రేలి వృత్తాంతమిది. ఆ చర్చిలో సత్ప్రసాదమునకు పోవువారు బూట్లు విప్పి పోవుట ఆచారము. అందుచే ప్రతి శనివారమును వెరోనియా తేతా పాదములు కడిగి, గోళ్ళు తీయును. షుగరు మహాత్మ్యమున ఆ పాదములకు స్పర్శ పోయి చాల కాలమయ్యెను. గడచిన వేసవిలో ఒక శనివారము, ఎడమ బొటనవ్రేలి క్రింద నల్లని మచ్చ, బూటు లోపల ఎండిన చిక్కుడు గింజ కనబడెను. ఆ గింజపై తేతా మూడు దినములు నడిచెను. చర్చికి పోయెను, బజారుకు పోయెను, ఒక పెండ్లిలో నాట్యము కూడ చేసెను. ఇంకొక రెండు దినములు ఆలసించినచో వ్రేలు తీసివేయవలసి వచ్చెడిదని వైద్యుడు చెప్పెను.

"చంపుకో కావాలంటే," అన్నది ఓడెట్ తేతా. "కిటికీ కూడా వద్దు. మూడు వారాలు ఆ తిండి తింటా. వేలు మాత్రం రాయకు. రేపు బూట్లు విప్పి నిలబడితే చర్చి మొత్తం నా మొహం చూడదు, కాళ్ళు చూస్తుంది. ఓడెట్‌కి వేలు కుళ్ళిందంట అని."

"కమిటీ వాళ్ళు మన చర్చికి రారు తేతా."

"నబీల్ వస్తాడుగా. వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

వెరోనియా కుర్చీ దగ్గరకు జరుపుకొనెను. గడియారము వంక చూడలేదు.

"నువ్వు పోయావని రాస్తే అందులో నేను చేసిందేముంది తేతా? పక్కన కూచుని ఏడవడమేగా. ఏడ్చినందుకు సీటెందుకివ్వాలి? ఆ రోజు నువ్వేమన్నావో గుర్తుందా? నొప్పి లేదు, నాకేం కాలేదు పొమ్మన్నావు. నొప్పి లేకపోవడమే నీ జబ్బని నాకు అప్పుడు తెలిసింది. ఎవరో ఒకరు వంగి, మేజోడు తీసి చూస్తే తప్ప తెలియదు. ఆ చూసే మనిషిని నేనవ్వాలి. నాకు తెలిసింది అంతే. అది రాయొద్దంటే రాయను, కంప్యూటర్ మూసేస్తా. అబద్ధం మాత్రం ఇంక రాయలేను."

నెవీన్ ఏదో అనబోవ కిరోలోస్ ఆమె చేయి పట్టి ఆపెను. చిరిగిన ఆకు ప్రక్కన పెట్టి, వేరొక ఆకు తీసి, బియ్యము పెట్టి, చుట్టి, గిన్నెలో అమర్చి, అప్పుడు తేతా అన్నది.

"శుభ్రంగా ఉంటాయని రాయి."

"ఏంటవి?"

"కాళ్ళు. ముసలిదాని కాళ్ళు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయని రాయి. ఆ మాట లేకపోతే, పునీతుడు మార్ గిర్గిస్ మీద ఒట్టు, నేనొప్పుకోను."

అంతట మొదలయ్యెను అక్షర వర్షము. పదునెనిమిది నిమిషములపాటు, మీటలు పటపటారావముల ఆక్రోశింప, తప్పులు పుట్టి గిట్ట, కామాలు కకావికలు కాగా, ఆ బాలిక వ్రాసెను. నాలుగు గంటల యేబది నాలుగు నిమిషములకు వ్యాసము ముగిసెను. పదములు సరిగా రెండు వందల యేబది. ఆ పైన తేతా పాదముల శుభ్రతను గూర్చిన వాక్యము చేర్చెను. అది ఆంగ్లమున ఆరు పదములు. గడి అంచు భగ్గున ఎరుపెక్కెను. పంపు మీట మూర్ఛిల్లెను. మానవాళిని ప్రేమించు ఆ విద్యాలయము ఒక ముసలామె పాదముల కొరకు ఆరు పదములు సహింపజాలకుండెను.

"ఏం తియ్యను?" అన్నది వెరోనియా. "గింజ తియ్యలేను. మచ్చ తియ్యలేను. డాక్టరు మాట తియ్యలేను."

కిరోలోస్ వంగి, అట్టడుగున కాపురమున్న తృష్ణను వ్రేలితో చూపెను. "ఇది తియ్యి."

నెవీన్ గుండెపై చేయి వైచుకొనెను. "మానవాళి సేవా? అది తీసేస్తే ఎలాగరా? మాస్టారు అదుంటేనే—"

"మీనా అదే రాశాడు పిన్నీ. నేనూ అదే రాశాను. మానవాళి ఏమీ అనుకోదులే."

అప్పుడు వెరోనియా, కుడిచేతి చూపుడు వ్రేలిని ఖడ్గమువలె ఝళిపించి, చెరుపు మీటపై మోపెను. మొదట మానవాళి కూలెను. పిమ్మట సేవ నేలకొరగెను. ఆజన్మమున పుట్టిన తృష్ణ ఆ జన్మముననే గిట్టెను. ఎరుపు చల్లారెను. మీట మూర్ఛ తేరెను. నొక్కినంతనే తెర నడుమ ఒక చిన్న చక్రము తిరుగ నారంభించెను. నాలుగు యేబది యెనిమిది. చక్రము తిరిగెను. నాలుగు యేబది తొమ్మిది. "మీ దరఖాస్తు అందినది."

"మరి వాళ్ళ లెక్కలో తేతా ఇప్పటికి రెండుసార్లు పోయిందిగా," అన్నాడు కిరోలోస్ ఉన్నట్టుండి. "ఇప్పుడు కాళ్ళు కడిగించుకుంటోందంటే ఏమనుకుంటారు?"

ఓడెట్ తేతా సిలువ గుర్తు వేసుకొని, గిన్నెపై మూత పెట్టెను. "లేచాననుకుంటారు. చర్చికెళ్ళే వాళ్ళయితే నమ్ముతారు."

ఇట్లు ముగిసెను ఆ ఘోర సంగ్రామము. సీటు వచ్చెనా యందురేమో, అది వసంతమునకు గాని తేలదు. తేల్చువారు కళ్ళద్దములు తుడుచుకొనుచు ఇంక రెండు వేల తొమ్మిది వందల తొంబది తొమ్మిది శవపేటికలు తెరచి చూడవలసి యున్నది. మానవాళికి ఆ దినమున ఎట్టి సేవయు జరుగలేదు. కాని లోకులారా, విని తరింపుడు. రెండు వందల యేబది పదముల ఆ మహాసామ్రాజ్యమున ఆరు పదముల మేర భూమి, అంతవరకు మానవాళి ఆక్రమించుకొని యున్నది, నేడు ఒక ముసలామె పాదములకు దక్కెను. జయమనగా ఇంతే. ఇంతకు మించిన జయము ఆ గడిలో పట్టదు.