గుట్టుకో మైకు

మనిషి మనసు ఆరడుగుల దూరం నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తుందని మహమ్మారి కాలంలో మానసిక వైద్యశాల వారు నిర్ధారించారు. (అంతకుముందు పక్కన కూర్చోబెట్టుకుని అడిగినా సరిగా కనిపించేది కాదు.) ఆ ప్రకారం డాక్టరుగారిని అద్దాల గదిలో ఉంచి, రోగులను వరండాలో ముగ్గుపిండితో గీసిన గుండ్రాల్లో నిలబెట్టారు. అద్దంలోంచి మాట వినపడదు కనుక రోగి చేతికో మైకిచ్చారు. లౌడ్‌స్పీకరు డాక్టరుగారి గదిలో బిగించాలి. ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకూడదు కనుక వరండాలోనే బిగించారు. రోగి గుట్టు కాపాడటానికి మిగతావాళ్ళు గోడవైపు తిరిగి నిలబడాలని, జనం చేత ఆరడుగుల దూరం పాటింపజేసే దూరపాలనాధికారి ఉత్తర్వు. చెవులు ఎటు తిప్పుకోవాలో అందులో రాయలేదు.

బస్సు కండక్టరును వెంటబెట్టుకుని అతని భార్య వచ్చింది. బస్సులు ఆగిన నాటినుంచి ఆయన నోరు విప్పలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఎరగని ప్రశాంతత! మొదట్లో అది వరమే అనుకుంది ఆవిడ. తరవాత ఆయన అన్నం తగ్గించాడు, నిద్ర మానేశాడు, గోడకేసి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆవిడ గుండె జారింది. మందు రాయాలంటే బాధేమిటో రోగే స్వయంగా చెప్పాలి, ఇంట్లోవాళ్ళ మాట చెల్లదు. (మాట్లాడలేకపోవడమే జబ్బైనవారి సంగతి మలివిడత ఉత్తర్వుల్లో చూస్తారట.)

మైకు ఆయన చేతికొచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తొందరగా కానివ్వండి, వెనక జనం ఉన్నారు," అన్నాడు దూరపాలనాధికారి.

"చెప్పండీ! బస్సెడు జనాన్ని అదిలించిన నోరేనా ఇది?" అంది భార్య.

ఆయన మైకు నోటిదగ్గరికి తెచ్చుకున్నాడు. "ఎవరూ ఎక్కట్లేదండి, ఎవరూ దిగట్లేదు. ఇంక నేనెందుకో తెలీట్లేదు."

లౌడ్‌స్పీకరు ఆ మాటను వీధి మలుపుదాకా మోసుకెళ్ళింది. గోడకేసి నిలబడ్డ ఒక పెద్దావిడ, ఉత్తర్వుకు భంగం రాకుండా గోడతోనే అంది: "నాకూ అంతే నాయనా. పొద్దున లేచి ఎందుకు లేచానా అనుకుంటున్నా."

కండక్టరు తలెత్తాడు. "ఈ గొంతు... మార్కెట్టు స్టాపు పిన్నిగారు కదూ? ఏనాడూ చిల్లర తేరు!"

"నువ్వేనాడైనా ఇచ్చావూ?"

వరండా వరండా అంతా గోడకేసి నవ్వింది. కండక్టరూ నవ్వాడు. ఆ నవ్వు చూసి భార్య కొంగుతో కళ్ళొత్తుకుంది. అద్దం వెనక డాక్టరుగారు, ఏమీ వినపడకపోయినా, సంతోషంగా మందు రాశారు.

అనుమతి లేకుండా రోగులే ఒకరికొకరు వైద్యం చేసుకుంటున్నారని దూరపాలనాధికారి అదేరోజు పైకి నివేదించాడు. విచారణ చురుగ్గా సాగింది. కండక్టరు రెండోసారి వచ్చేసరికి గుండ్రాలు చెరిపేశారు, మైకు తీసేశారు. మనిషికో మూసిన గది, డాక్టరుగారితో మాట్లాడటానికి గదికో ఫోను.

"నేనూ లోపలికి..." అంది భార్య.

"కుదరదమ్మా."

తలుపు మూసుకుంటుండగా సందులోంచి చూసింది. ఆయన అప్పుడే గోడకేసి కూర్చున్నాడు. ఆ గోడమీద కొత్తగా అంటించిన కాగితంపై పెద్ద అక్షరాలున్నాయి: "మీరు ఒంటరి కారు." కింద చిన్న అక్షరాల్లో: "గదిలో ఒక్కరికే ప్రవేశం."