పెద్ద కరెంటు పంపు పంపు

రామలింగం తన ఫియట్ కారును ప్రేమించినంతగా భార్యను ప్రేమించలేదనడం అన్యాయం. శకుంతలనూ ప్రేమించాడు. కాకపోతే కారు లోపల ఏం నడుస్తోందో బానెట్ ఎత్తి చూడొచ్చు, శకుంతల విషయంలో ఆ సౌకర్యం లేదు.

హన్మకొండ చౌరస్తా దగ్గర అతనిది స్టీలు సామాన్ల దుకాణం. ఊరందరికీ బిందెలు అమ్ముతాడు. ఇంట్లో ఆ బిందెలు మోసేది మాత్రం శకుంతల. ధర్మసాగర్ చెరువు నీళ్ళు నల్లా గుండా వచ్చి వాకిట్లో సంపులో పడతాయి. డాబా మీద ట్యాంకుంది. కింద సంపు, పైన ట్యాంకు, మధ్యలో శకుంతల. సంపుకో పంపు పెట్టించమని ఆమె మూడేళ్ళుగా అడుగుతోంది. చూద్దామని రామలింగం మూడేళ్ళుగా అంటున్నాడు.

ఎనభై అయిదో సంవత్సరం వేసవిలో బట్టల దుకాణం గోపాల్ తెల్ల మారుతి కొన్నాడు. కొన్న వారానికే మడికొండ ఎత్తు మీద హారన్ కూడా కొట్టకుండా రామలింగం ఫియట్‌ను దాటిపోయాడు. ఫియట్‌లో అప్పుడు అత్తగారు కూడా ఉన్నారు. ముసలి కారు కదా, పాపం అని ఆవిడ జాలిపడింది. ఆ జాలి రామలింగానికి మూడు రోజులు అరగలేదు.

నాలుగో రోజు బజారులో పందెం ఖాయమైంది. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున చౌరస్తా నుంచి మడికొండ దాకా పోవాలి. ఓడినవాడు ఇక జన్మలో బజారులో కారు మాట ఎత్తకూడదు. రామలింగం మాట్లాడే మాటల్లో కారు మాటలు తీసేస్తే మిగిలేవి నమస్కారమూ, సెలవూను. కాబట్టి అతనికి ఇది చావుబతుకుల సమస్యే.

అతని మెకానిక్ పేరు వీరభద్రం. ఏ రోగానికైనా ముందు గాస్కెట్ మార్చమంటాడు గనుక ఊళ్ళో అందరూ గాస్కెట్ వీరభద్రం అంటారు. కాలువ పనులకు వచ్చి పాడైపోయిన విదేశీ మిషను ఒకటి తుక్కు కింద అమ్ముడుపోతే, అందులోంచి అతను నత్తగుల్ల ఆకారంలో ఉన్న ఓ ఇనుప వస్తువు దాచిపెట్టుకున్నాడు. దాన్ని టర్బో అంటారనీ, అది పెడితే ఫియట్ కాదు, ఫిరంగి అవుతుందనీ చెప్పాడు. రామలింగం ఆ వస్తువును కొని, ఇంజను పక్కన చోటు చేసి, గొట్టాలు వంచి, అతుకులు వేసి, రెండు వారాల్లో దాన్ని బిగింపజేశాడు. శకుంతల ఏమిటని అడిగితే సైలెన్సర్‌కు చిన్న రిపేరు అన్నాడు.

మొదటి పరీక్షలో కారు కాజీపేట దాకా నిజంగానే ఫిరంగిలా పోయింది. మడికొండ ఎత్తు మొదలవగానే రెండుసార్లు దగ్గి ఆగింది. ఇద్దరూ తోసుకుంటూ వచ్చారు. దారిలో వీరభద్రం రోగం తేల్చాడు.

"ఇంజనుకు ఆకలి పెరిగింది సేటూ. పాత పెట్రోలు పంపు దానికి ఒక్క చెంచతోని తినిపిస్తాంది. కరెంటుతోని నడిచే పెద్ద పంపు పెట్టాలె. బ్యాటరీకి వైరిస్తె సాలు, గడగడ తాగిస్తది."

అలాంటిది వరంగల్‌లో దొరకదు. సికింద్రాబాదు రాణిగంజ్‌లో శకుంతల తమ్ముడు నాగభూషణం పనిచేసే దుకాణంలో దొరుకుతుంది. ఆ దుకాణంలో ఒక పక్క కారు సామాను, మరో పక్క నీళ్ళ మోటార్లు. ఈ సంగతి గుర్తుకు రాగానే రామలింగానికి ఉపాయం తట్టింది. ఉపాయాలు తట్టినప్పుడల్లా అతను మీసం సవరించుకుంటాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ, మీ తమ్మునితో పెద్ద కరెంటు పంపు తెప్పిస్తున్నానని భార్యకు చెప్పాడు. ఇందులో అబద్ధం అక్షరమైనా లేదు. శకుంతల చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ పూట రామలింగానికి రెండోసారి నెయ్యి పడింది. రేపు అరచేతిలో పట్టే పెట్రోలు పంపు వచ్చాక బావమరిది మతిమరుపును నాలుగు తిట్లు తిట్టి, వచ్చినదాన్ని వాపసు పంపడమెందుకని కారుకు బిగించుకుంటే సరి. తిట్లు కూడా తయారుచేసుకున్నాడు. స్నానం చేస్తూ వాటిని రోజూ వల్లె వేసేవాడు.

బావమరిదికి టెలిగ్రాం ఇవ్వబోతే తార్ ఆఫీసులో గుమాస్తా కాగితం చదివి కళ్ళజోడు తీశాడు. దాని మీద 'పెద్ద కరెంటు పంపు పంపు' అని ఉంది. కారున్న బావ అడిగేది కారు పంపేనని నాగభూషణానికి వేరే చెప్పనక్కరలేదని రామలింగం నమ్మకం.

"పంపు రెండుసార్లు పడ్డది సార్."

"రెండుండాలె. ఒకటి పంపు, ఇంకోటి పంపు."

గుమాస్తా కళ్ళజోడు పెట్టుకుని ఇంకేమీ అడగకుండా పంపేశాడు.

ఆ తర్వాత శకుంతల ఉత్సాహం చూస్తే రామలింగానికి గుండెలో గుబులు పుట్టింది. సంపు పక్కన సిమెంటు దిమ్మె లేచింది. గోడ వెంబడి డాబా మీదికి ఇనుప పైపు పాకింది. ఆ పైపులు బిగిస్తున్నది ఎవరా అని చూస్తే వీరభద్రం. పంపు వచ్చేదాకా కారు పని ఆగింది కదా, చేతులు ఖాళీగా ఉన్నాయి, అక్క అడిగింది అన్నాడు. కారు బానెట్ మాత్రం అప్పటిదాకా ఎత్తొద్దనీ, అతుకులు గట్టిపడాలనీ హెచ్చరించాడు. రామలింగం బుద్ధిగా దాని మీద దుప్పటి కప్పాడు.

పంపు ప్రారంభానికి శకుంతల ముహూర్తం పెట్టింది. అదీ పందెం రోజే, ఆదివారం పొద్దున. పక్కింటి మొగిలమ్మతో సహా వాడకట్టు ఆడవాళ్ళందరినీ పేరంటానికి పిలిచింది. పెట్రోలు పంపుకు పసుపు కుంకుమలు పెట్టడం తలుచుకుంటే రామలింగానికి చెమటలు పట్టేవి. అయినా తప్పు బావమరిదిది అవుతుంది గనుక ధైర్యంగానే ఉన్నాడు.

ఆదివారం నాగభూషణం స్వయంగా వచ్చాడు. రిక్షాలోంచి చెక్కపెట్టెను దించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. అరచేతిలో పట్టే వస్తువుకు ఇంత గడ్డి చుట్టారా అని రామలింగం ఆశ్చర్యపోయాడు. పెట్టె విప్పితే గడ్డిలోంచి ఆకుపచ్చ రంగు నీళ్ళ మోటారు బయటపడింది. పేరంటాళ్ళు అబ్బ అన్నారు.

వారం రోజులు వల్లె వేసిన తిట్టు ఆపుకుందామన్నా ఆగలేదు.

"ఏంది నాగభూషణం, అడిగిందేంది, నువ్వు తెచ్చిందేంది. నీకు మతి ఉన్నదా?"

నాగభూషణం చిన్నబుచ్చుకున్నాడు. మరి మీరు అడిగిందేంది బావా అన్నాడు. రామలింగం మోటారును చూశాడు, పైపును చూశాడు, పేరంటాళ్ళను చూశాడు. అడిగిందేమిటో ఆ ముగ్గురిలో ఎవరి ముందూ చెప్పదగినది కాదు.

నాగభూషణమే జేబులోంచి టెలిగ్రాం తీశాడు. పంపు అని రెండుసార్లు ఉండేసరికి రెండు పంపులు కావాలేమో అనుకున్నాడట. ఒకటి ఇంటికైతే రెండోది దేనికి అని తిరుగు తార్ ఇచ్చాడట. అది రామలింగం దుకాణంలో ఉన్నప్పుడు ఇంటికొచ్చింది. తార్ అనగానే ఎవరు పోయారో తెలియకుండానే మొగిలమ్మ ఏడుపు ఎత్తుకుంది. శకుంతల విప్పి చదివి, ఆమెను ఊరుకోబెట్టి, వీరభద్రాన్ని భోజనానికి పిలిచింది. వీరభద్రం అబద్ధమాడలేనివాడేం కాదు. కానీ చింతచిగురు పప్పు ముందు ఆడలేడు. మర్నాడే నాగభూషణానికి ఆమె జవాబు వెళ్ళింది. ఒకటి చాలు, ఇంటికి.

రామలింగం భార్యను వంటింటి గుమ్మంలోకి పిలిచాడు. ఇక దాచి లాభం లేదని అంతా చెప్పుకున్నాడు. పందెం, గోపాల్, ఇంకో గంటలో పరువు పోవడం. కారుకు పంపు కోరడంలో తన తప్పేమీ లేదని నిరూపించడానికి సాంకేతిక వివరాలకు కూడా దిగాడు.

"జర సమజ్ చేసుకో శకుంతలా. ఆ టర్బో గాలి ఎక్కువ కొడతాంది. ఆ గాలికి తగ్గ పెట్రోలు పాత పంపుతోని వస్తలేదు. అందుకే బండి ఎత్తుమీద ఆగుతాంది. గంతే ఖరాబు."

శకుంతల శ్రద్ధగా విన్నది.

"గాలి ఎక్కువైతె పెట్రోలు పెంచుడెందుకు? గాలి తీసేస్తె అయిపాయె. తీపిచ్చిన."

రామలింగం పరుగెత్తి దుప్పటి లాగి బానెట్ ఎత్తాడు. నత్తగుల్ల లేదు. దాని చోటు శుభ్రంగా తుడిచి ఉంది. ఫియట్ కంపెనీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. తాళం తిప్పితే దగ్గకుండా మోగింది కూడా. వీరభద్రం గోడ వైపు తిరిగి పైపుకు ఆఖరి మర బిగిస్తున్నాడు. ఆ గొట్టాలకూ బిగింపుకూ బదులుగా అక్క ఇచ్చింది ఆ టర్బోనే అని, ముఖం ఇటు తిప్పకుండానే చెప్పాడు. ఇన్నాళ్ళూ తన టర్బోనే గోడ మీద పాకుతుంటే రామలింగం నిలబడి చూశాడన్నమాట.

వీధిలో మారుతి హారన్ మోగింది. గోపాల్ వచ్చాడు, పక్కన అతని భార్య అరుణ ఉంది. అరుణ లోపలికొచ్చి మోటారు చూసింది, పైపు వెంట కళ్ళతో డాబా దాకా ఎక్కింది. శకుంతల స్విచ్ వేయగానే నీళ్ళు ఎవరి నడుమూ వంచకుండా మేడెక్కాయి. అరుణ కాసేపు ఆ చప్పుడు విని, కారులో కూర్చున్న మొగుడి వైపు తిరిగింది. తన ఇంట్లో మారుతి వచ్చినా బిందె మాత్రం చంక దిగలేదని అందరికీ వినిపించేలాగే అన్నది. గోపాల్ పందెం మాట ఎత్తకుండా ఇంజను ఆపేశాడు.

రామలింగానికి ప్రాణం లేచి వచ్చింది. మీసం మీదికి చెయ్యి పోయింది. "కారుకేమున్నది అరుణమ్మా, ఎప్పుడన్న కొనుక్కోవచ్చు. ఇంట్లె ఆడోళ్ళ కష్టం సూడాలె ముందుగాల. అందుకే నేను పట్టుబట్టి తెప్పిచ్చిన" అన్నాడు.

శకుంతల కాదనలేదు. నలుగురిలో మొగుడి మాట తీసేసే మనిషి కాదామె. టెలిగ్రాం కాగితాన్ని మాత్రం మడిచి కొంగున ముడేసుకుంది. ఆ ముడిని రామలింగం చూశాడు. అతను చూశాడని ఆమె కూడా చూసింది.

"ట్యాంకు నిండితె ఎవలన్న చెప్పాలె గద. మీరు జర పైకెక్కుండ్రి" అంది.

రామలింగం మీసం మీద చెయ్యి తీసి మెట్లెక్కాడు.