బ్యాంకాక్‌లో శ్రీనివాసపురం బేరం

ఆ ఉదయం మునివెంకటప్ప పెట్టుకున్న పని చిన్నదే. ఏటీఎంలో డబ్బు తీయాలి, రేవులో టికెట్లు కొనాలి, భార్య సొన్నమ్మను పడవెక్కించాలి. మామిడి రైతుల సంఘంతో బ్యాంకాక్ వచ్చిన నాలుగు రోజులూ తోటలు చూడటానికే సరిపోయాయి. సాయంత్రం తిరుగు విమానం. కోలారు జిల్లాలో బోరు నీళ్ళు తప్ప పారే నీళ్ళు ఎరగని సొన్నమ్మ, పాపం, ఈ ప్రయాణం మొత్తంలో అడిగింది ఆ పడవ ఒక్కటే. అది పొద్దున ఒక్కసారే కదులుతుంది. పడవవాడు కార్డులు తీసుకోడు.

శ్రీనివాసపురం నుంచి కొడుకు మోహన్‌కుమార్ ఫోన్లో మరీమరీ చెప్పాడు. "మిషన్ మన రూపాయల్లో రేటు చూపిస్తాదప్పా. ఒప్పుకోవద్దు, నో నొక్కు. మన బ్యాంకు రేటే మేలు."

మునివెంకటప్పకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా మండీలో కాయలమ్మిన మనిషికి మొదటి రేటు ఒప్పుకోవద్దని ఇంకొకరు చెప్పాలా! వద్దనాలి, తువ్వాలు దులిపి భుజాన వేసుకోవాలి, వెనక్కి చూడకుండా నడవాలి. కొనేవాడే పరుగెత్తుకొస్తాడు.

పిన్ను నంబరు తువ్వాలు చాటున నొక్కాడు. ఐదువేల థాయ్ బాత్‌లకు ఇన్ని రూపాయలవుతాయని మిషన్ చూపింది. నో నొక్కాడు. కార్డు బయటికొచ్చింది. మన సరుకు మనకు తిరిగిచ్చేశాడంటే బేరం చెడినట్టే గదా! కార్డు జేబులో వేసుకుని, తువ్వాలు దులిపి కదిలాడు. వెనక మిషన్ కీచుకీచుమంది.

"పిలస్తా ఉండాది. తిరిగి చూడొద్దు మే," అన్నాడు సొన్నమ్మతో.

తాను వద్దన్నది రేటునే గాని డబ్బును కాదని, నోట్లు అప్పటికే బయటికి తొంగిచూస్తున్నాయని అతనికేం తెలుసు! వెనక నిల్చున్న పసుపు చొక్కావాడు అవి తీసుకుని, ఊపుతూ, తన భాషలో కేకలేస్తూ వెంటపడ్డాడు. మునివెంకటప్ప వాణ్ణి దళారి అనుకున్నాడు. దళారికి దొరికితే కమీషన్ కిందే సగం పోతుంది. ఇద్దరూ అడుగు పెంచారు. వాడూ పెంచాడు. వీళ్ళు పరుగందుకున్నారు. రోడ్డు పక్కన టీ తాగుతున్న సంఘం సభ్యుడు పిల్లప్ప, సంగతేమిటని అడగనైనా అడక్కుండా తానూ పరుగెత్తాడు. దారిలో ఒక పండ్ల బండి ఒరిగింది. రేవు దాకా వచ్చాక సొన్నమ్మ ఇక అడుగు వేయలేక నిలబడిపోయింది. పడవ వేళ దాటిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీ బేరాలు పాడుగాను. నేనడిగింది పడవ ఒకటే గదా," అంది.

మునివెంకటప్ప మనసు చివుక్కుమంది. తలెత్తలేకపోయాడు. ఇంతలో పసుపు చొక్కావాడు రొప్పుతూ వచ్చి నోట్లన్నీ అతని చేతిలో పెట్టాడు. ఒక్కటీ తగ్గలేదు. జేబులో ఫోన్ మోగింది, బ్యాంకు మెసేజీ. మిషన్ అడిగినదానికన్నా ఏడొందలు తక్కువే పట్టుకున్నారు.

"చూసినావా, దిగొచ్చినాడు," అన్నాడు నెమ్మదిగా.

సొన్నమ్మ వినలేదు. రేవులోకి చూస్తోంది. పడవ అక్కడే ఉంది, జనం వాచీలు చూసుకుంటున్నారు. పసుపు చొక్కావాడు అందులోకి దూకి ఇంజను దగ్గర కూర్చున్నాడు. పడవ నడిపేది వాడే! వీళ్ళ వెంట పరుగెత్తబట్టి అది కదల్లేదు. సొన్నమ్మ ఏడుపు ఆపుకోకుండానే నవ్వేసింది.

వాడు టికెట్ ధర వేళ్ళతో చూపించాడు. మునివెంకటప్ప అలవాటు కొద్దీ తల అడ్డంగా ఊపి, తువ్వాలు దులిపాడు. సొన్నమ్మ ఆ తువ్వాలు లాక్కుని, అడిగినంతా ఇచ్చి, పడవెక్కింది.

తువ్వాలు మళ్ళీ అతని భుజానికి వచ్చింది శ్రీనివాసపురం చేరాకే.