కంచర్ల ఎక్స్ ఎక్స్ ఎక్స్

మనిషిని పూర్తి పేరుతో పిలవడం అనాగరికం! సగం కొట్టేస్తేనే గౌరవం. కాదంటారా? అయితే మీరింకా పాత శతాబ్దంలోనే ఉన్నారు, ఉండండి.

మా ఊరి పక్క మిర్చి కోల్డ్ స్టోరేజీవారు మాత్రం రెండువేల ఐదులోనే నాగరికులైపోయారు. ముందే రాయించుకున్న వరసలో ఎవరి వంతు వస్తే వారి పేరు కంప్యూటర్ తెర మీద పడుతుంది. గేటు కాపలా పీరు దాన్ని మైకులో చదువుతాడు, ఆ ట్రాక్టర్ గేటు లోపలికి పోతుంది. రైతు పేరును అలా బజారున పడేయడమా? వాడికి ప్రైవసీ అక్కర్లేదా? మేనేజరు వీరాంజనేయులుగారికి నిద్ర పట్టలేదట, పాపం!

వెంటనే ఆపరేటర్ కోటేష్ లైనక్స్‌లో 'సెడ్' అనే కమాండ్ ఒక్క లైను కొట్టాడు. పేరులో మొదటి మాట ఉంచు, మిగతా అక్షరాలన్నిటి మీదా ఎక్స్ వెయ్యి! ఇంగ్లీషు పుస్తకంలో అలాగే ఉందట. దొరలకు ఇంటిపేరు చివర ఉంటుంది. మనకు ముందుంటుందన్న సంగతి మా మేధావి కంప్యూటర్ ముందు కూర్చోగానే మరిచిపోయాడు. మా ఊళ్ళో సగం మంది కంచర్ల వాళ్ళే మరి!

ఓ మధ్యాహ్నం పడమట మబ్బు కమ్మింది. పీరు మైకందుకున్నాడు.

"కంచర్ల ఎక్స్ ఎక్స్ ఎక్స్! తొందరగా రావాలి!"

బయటున్న ట్రాక్టర్లన్నీ ఒక్కసారే స్టార్టయ్యాయి.

"ఒరేయ్ పీరూ, ఏ కంచర్లరా?"

"నాకేం తెలుసు బాబాయ్! ఇక్కడ అన్నీ ఎక్స్‌లే!"

నిజానికి ఆ పిలుపు కంచర్ల హనుమాయమ్మది. "మధ్యాహ్నం మొదటి పిలుపు నీదే పిన్నీ" అని కోటేషే పొద్దున చెప్పాడు. మగదిక్కు లేని మనిషి, ఏడాది పంటంతా బయట వరసలో ఉన్న ఆవిడ ట్రాక్టర్ మీదే ఉంది. ఆవిడ జనాన్ని తోసుకుని గేటు దాకా వచ్చేలోపు ఇంకెవరి ట్రాక్టరో లోపలికి దూరింది, గేటు మూసుకుంది. వాన దంచికొట్టింది.

"నా పేరు దాచిపెట్టి నా వంతు ఎవరికిచ్చావయ్యా?" అని హనుమాయమ్మ మేనేజరుగారిని గుమ్మంలోనే కడిగేసింది.

"అది చెప్పకూడదమ్మా, ప్రైవసీ" అన్నారాయన గొడుగు తెరుస్తూ.

చూశారా ప్రైవసీ మహిమ! ఆ రోజు లోపలికి పోయిన బస్తాలు ఎవరివో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తడిసి, రంగుపోయి తాలుకాయైన బస్తాలు ఎవరివో మాత్రం ఊరంతటికీ తెలుసు, ఇంటిపేరుతో సహా.