మూడో అంతస్తులో నిగార్ పాట

ఆడవారి గొంతుకు టెహ్రాన్‌లో పాటలకు, బొమ్మలకు అనుమతులిచ్చే కార్యాలయం ఇచ్చినంత విలువ ప్రపంచంలో మరే ప్రభుత్వమూ ఇవ్వలేదు. ఒక స్త్రీ ఒంటరిగా నాలుగు చరణాలు పాడితే చాలు, ఎదురుగా కూర్చున్న మగవాళ్ళు కుర్చీలతో సహా భ్రష్టులైపోతారని దాని గట్టి నమ్మకం. (కుర్చీలు ప్రభుత్వానివి.)

నిగార్‌కు యాభై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఇంట్లోనే ఆడపిల్లలకు సంగీతం చెబుతోంది. బృందంలో పదిమంది మధ్య పాడింది, మగ గాయకుడి గొంతు చాటునా పాడింది. అందరి ముందూ ఒక్కతే నిలబడి ఒక్కసారి పాడాలని ఆమె కోరిక. స్నేహితురాలు తూరాన్ చిత్రకారిణి. ఆ కోరికకు ఆజ్యం పోసింది ఆవిడే.

"నువ్వు పాడుతుండు, నీ పాట ఎటు పోతే నా కుంచె అటు పోతుంది. నెత్తిన గుడ్డ తీసేసి వీధిలోకి నడిచారే మన పిల్లలు, వాళ్ళ కోసం పాడదామే."

అర్జీలో మాత్రం "వసంత ఋతువు గురించి" అని రాశారు. (వసంతం మీద కార్యాలయానికి ఇంకా అభ్యంతరం లేదు.)

ఆ భవనంలో బొమ్మలది ఐదో అంతస్తు, పాటలది మూడో అంతస్తు. ఐదో అంతస్తు అధికారిణి తూరాన్ తెచ్చిన నమూనా గుడ్డ పరిచి, నల్లటి వంపుల మీద వేలు ఆపింది.

"ఇది జుట్టు కదమ్మా?"

"కాదండీ, పాట," అంది తూరాన్.

"పాటయితే మూడో అంతస్తుకి వెళ్ళండి. జుట్టయితే ముసుగు వెయ్యండి."

"పాటకి ముసుగు అక్కర్లేదా అండీ?"

"దానికి మగ గొంతు వేస్తారు," అంది ఆవిడ ఎంతో ఓపిగ్గా.

మూడో అంతస్తులో సమద్‌పూర్ అనే అధికారి నిగార్ పాట రికార్డింగు తీసుకున్నాడు. నిషేధించదగిన గొంతును అనుమానం తీరేవరకు వినాలని నియమం. సమద్‌పూర్‌కు పదకొండు రోజులపాటు అనుమానం తీరలేదు. పన్నెండో రోజు ఫోన్ చేశాడు.

"నిగార్ ఖానుమ్ గారూ, మీ గొంతు మగవాళ్ళు వినకూడనిది."

"మీరు విన్నారా అండీ?"

"డెబ్బై సార్లు విన్నానమ్మా, అందుకే చెబుతున్నాను. మూడో చరణంలో ఊపిరి కాస్త ముందే తీసుకున్నారు. జలుబా?"

"అవునండీ."

"టర్నిప్ దుంప ఉడకబెట్టుకుని తినండి. అప్పీలు చేసుకుంటే కమిటీ ముందు స్వయంగా పాడి వినిపించాలి మరి."

నిగార్ అప్పీలు చేసుకుంది. కమిటీలో ఏడుగురు, అందరూ మగవాళ్ళే. బుధవారం పొద్దున తూరాన్‌తో మెట్లెక్కుతూ నిగార్ సగంలో ఆగింది.

"భయంగా ఉందే."

"నాకు మాత్రం లేదేంటి? రంగులు ఒలికిపోకుండా పట్టుకున్నాను, చాలు. పద."

నిగార్ పాడింది. మొదటి చరణంలో గొంతు వణికింది, రెండో చరణానికి వణుకు పోయింది. ఆమె పాడింది వసంతం గురించి కాదు. గోడకు కట్టిన గుడ్డ మీద తూరాన్ కుంచె ఆగలేదు. పై అంతస్తుల గుమాస్తాలు దిగివచ్చారు, వరుసలో నిలబడ్డ అర్జీదారులు తమ వంతు మరిచిపోయారు. సమద్‌పూర్ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. స్పష్టత కోసమని కమిటీ అధ్యక్షుడు మరో రెండుసార్లు పాడించాడు. నిగార్‌కు అంత సంతోషం పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ కలగలేదు.

చిక్కు తీర్పు రాయడంలో వచ్చింది. ఆమె పాడిందని రాస్తే ఏడుగురూ విన్నట్టు. విన్నట్టయితే ఏడుగురూ నేరస్థులు. తర్జనభర్జనలు పడి శనివారం ఉత్తరం పంపారు:

"కమిటీ ఎదుట ఏ స్త్రీయూ పాడలేదు. పాట వినిపించనందున అనుమతి నిరాకరించడమైనది. దరఖాస్తుదారు వచ్చే బుధవారం ఇదే పాటను మళ్ళీ పాడవలెను."