సాయమ్మ పేరు చెప్పాను

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దేనికంటే, నోటితో అన్న జబ్బు ఒంటికి వస్తుందేమోనని. దీపాలు పెట్టే వేళ తథాస్తు దేవతలు ఇళ్ళ మీదుగా తిరుగుతుంటారని మా అమ్మ చెప్పేది. ఎవరు ఏమన్నా తథాస్తు అనేసి పోతారట. రెండేళ్ళ పాపకి తల్లినైనా ఆ వేళలో నేను తుమ్ము కూడా ఆపుకుంటాను.

అలాంటి నాకు డాక్టర్ మొగుడు దొరికాడు.

నవనీత్ బావ మా మేనత్త కొడుకు. నేను తొమ్మిదిలో బడి మానేసి బల్లార్‌పూర్‌లో నాన్న కిరాణా కొట్లో పొట్లాలు కడుతుంటే, ఆయన నాగపూర్‌లో పెద్ద డాక్టర్ చదువు చదివాడు. ఇప్పుడు చంద్రపూర్‌లో ఉద్యోగం. అది చాలక, బయటి దేశాల డాక్టర్లు కూడా రాసే ఇంగ్లండు స్పెషలిస్టు పరీక్ష ఒకటి పట్టుకున్నాడు. రాత పరీక్షలు గట్టెక్కాయి. ఆఖరిదాంట్లో రోగితో మాట్లాడి చూపించాలి. అది రెండుసార్లు పోయింది. రోగాన్ని ఇట్టే పట్టేస్తాడు, మనిషిని మాత్రం చెక్‌పోస్టులో సిమెంటు లారీని ఆపినట్టు ఆపి అడుగుతాడు.

"పరీక్షల రోగి వేషానికి మనుషుల్ని పెడతరు. పది నిమిషాలల్ల వాళ్ళ భయమేందో కనుక్కోవాలె," అన్నాడు ఒక సాయంత్రం, ప్లాస్టిక్ కుర్చీ నా ముందుకు జరుపుతూ. "ఇగ రోజూ నువ్వు రోగివి."

"నేనెందుకైత? దీపాల యాళ్ళ!"

"యాక్టింగే కదనే."

"తథాస్తు దేవతలకు యాక్టింగ్ ఎర్కనా?"

బావ పుస్తకం తిరగేశాడు. "ఎడమ కాలు వాచింది. నడిస్తే ఆయాసం. చెప్పు, పేరేంది?"

అప్పుడు తోచింది నాకు ఉపాయం.

"సాయమ్మ. అరవై రెండేండ్లు."

సాయమ్మది మా పక్క వాటా. ఒక్కతే ఉంటుంది. సాస్తి బొగ్గు గనిలో పనిచేసిన మొగుడు భీమన్న పోయినప్పటి నుంచి నల్లా దగ్గర నీళ్ళ యుద్ధాలే ఆమె కాలక్షేపం. కిటికీలోంచి వీధంతా కాపలా కాస్తుంది కనుక అందరూ కెమెరా సాయమ్మ అంటారు. మా ఇద్దరి మధ్య గోడ అప్పడమంత పలచన. జబ్బును గోడ అవతలికి పంపేసి హాయిగా అన్నం వండుకున్నాను.

పొద్దున నల్లా దగ్గర బొగ్గు దుమ్ములో ఒక పాదం గుర్తు, దాని పక్కన ఈడ్చిన గీత. గీత వెంట చూపు పోనిస్తే, చివర సాయమ్మ.

"ఏమైంది అవ్వా?"

"ఏమో బిడ్డా. ఎడమ కాలు ఉబ్బింది."

నేను ఖాళీ బిందెతోనే ఇంటికి పరుగెత్తాను.

సాయంత్రం బావ చేతులు వణికే జబ్బు తీశాడు. ఇంకో పేరు చెబుదామనుకున్నాను. నాలుక చివర నా పేరు, పాప పేరు తప్ప ఏదీ రాలేదు. మళ్ళీ సాయమ్మనే పంపాను. తెల్లారి ఆమె బిందె సగం నల్లా దగ్గరే ఒలికిపోయింది. మర్నాడు గొంతు పోయే జబ్బు. గొంతు పోయిన సాయమ్మ అంటే సైరన్ పోయిన గని. ఆ నిశ్శబ్దం చూడటానికి వీధంతా వచ్చింది.

నాలుగో రోజు పాప గోడకు చెంప ఆనించి, "అవ్వ," అంది.

"ఎన్ని దినాల సంది?" అని బావ నన్ను అడిగాడు.

"నాల్గు దినాలు."

బావ తలూపి రాసుకున్నాడు. నేనింకా నోరు తెరవలేదు; జవాబు గోడ అవతలి నుంచి వచ్చింది.

ఆ భయంతో ఐదో రోజు అంతా వెనక్కి తిప్పుదామని చూశాను. "ఇయ్యాల నాకేం లేదు, మంచిగున్న."

"మరెందుకొచ్చినవ్?"

"ఊకెనే."

పొద్దున సాయమ్మ తలలో పూలు, నోట్లో పాన్! అప్పుడు నాకు ఆశ పుట్టింది. సాయంత్రం కుర్చీలో కూర్చుని, "నాకు కొట్లాడే బుద్ధి పోయింది డాక్టర్ సాబ్. నల్లా కాడ అందరికీ దారిడుస్తున్న," అన్నాను.

"ఇదేం రోగమే?" బావ పుస్తకమంతా వెతికాడు.

తెల్లారి సాయమ్మ పక్కకు జరిగింది. "నువ్వే ముందు పట్టుకో బిడ్డా." తథాస్తు దేవతలను తలుచుకుని దండం పెట్టుకున్నాను. బిందె మాత్రం నింపుకున్నాను.

ఆ సాయంత్రం రోగికి చెడ్డ వార్త చెప్పే పాఠం; బావ నన్నేమీ అడగలేదు. కొత్తగా నేర్చుకున్న మెత్తటి గొంతుతో, "సాయమ్మగారూ, ఒక చెడ్డ వార్త చెప్పాలె. మీకు ఎక్కువ రోజులు లేవు," అన్నాడు.

నేను లేచి ఆయన నోరు మూసేసరికే ఆలస్యమైంది. గోడ అవతల చిన్న చప్పుడు కూడా లేదు.

పొద్దున నల్లా దగ్గర సాయమ్మ లేదు. తలుపు తోసి చూస్తే మంచం మీద, మెడదాకా తెల్ల దుప్పటి, మూసిన కళ్ళు. నేను కాళ్ళ మీద పడి, నేనే చంపానని ఏడుస్తూ అంతా ఒప్పేసుకున్నాను.

ఒక కన్ను తెరుచుకుంది.

"ఎన్ని రోగాలెక్కించినవే నా పేరు మీద! గోడకు చెవి పెట్టి అన్నీ విన్న. నువ్వంటుంటివి, నేను జేస్తుంటి. నల్లా కాడ నీకు దారిడిసినప్పుడు మాత్రం నిజంగనే పాణం పోయింది."

నా వెనకే వచ్చిన బావ నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కాలైతే మస్తు నటించినవ్ అవ్వా," అన్నాను.

సాయమ్మ నవ్వు ఆగింది. "కాలు నటన గాదు. నువ్వు కాలని జెప్పిన సాయంత్రం నేనింట్లనే లేను. రాజురా పోయి చీకటి పడ్డంక వచ్చిన."

బావ దుప్పటి తీశాడు. ఎడమ కాలు కుడిదానికి రెండింతలుంది. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"ముందే చెప్పకపోతివేంది?"

"గోడకవతల రోజూ అడిగితివి కొడుకా. ఇవతలికొచ్చి ఒక్కనాడన్న అడిగితివా?"

బావ మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "భయమైతుందా అవ్వా?" అన్నాడు. ఆ ప్రశ్న ఏ పుస్తకంలోదీ కాదు.

"అయితుంది కొడుకా."

కాల్లో రక్తం గడ్డకట్టిందని, అది ఊపిరితిత్తులకు పాకితే ప్రమాదమని బావ చెబితే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి వెళ్ళాం. పరీక్షలన్నీ అయి వార్డులో చేర్చేసరికి దీపాల వేళ.

"నావ్ కాయ్?" అని నర్సు మరాఠీలో పేరడిగింది.

సాయమ్మ నా వంక చూసింది. నవ్వింది. "రజిని."

నా పేరు.

"వయ్?"

"సవ్వీస్."

ఇరవై ఆరు. నా వయసు. నర్సు తలెత్తకుండా మంచం తలాపున పలక మీద రాసేసింది. కాగితాల్లో బావ వెంటనే సరిచేయించాడు గానీ, పలకను మాత్రం సాయమ్మ ఎవరినీ ముట్టనివ్వదు.

"గిన్ని దినాలు నీ రోగాలు నేను మోసిన. జెర నువ్వు మొయ్యి."

బావ పరీక్షకని చెన్నై రైలెక్కాడు. నిన్నటి నుంచి నా ఎడమ కాలు బరువుగా ఉంది. ఫోన్లో చెబితే, "నువ్వు రోజంతా పిల్లనెత్తుకొని తిరుగుతవు, అందుకే," అని నవ్వి, తర్వాత మెత్తగా, "భయమైతుందా?" అన్నాడు. ఆయనకు అడగటం వచ్చేసింది. ఆ దీపాల వేళలో జవాబు చెప్పే ధైర్యం నాకే లేదు.

పాపను వార్డులోకి రానివ్వరు, వదిలి వెళ్ళలేను. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. దీపాల వేళకే వెళ్ళండి. "ఎట్లున్నవ్ రజినీ?" అని అడగండి. మంచిగున్న అని ఆమె నోటితో అనేదాకా అక్కడి నుంచి కదలకండి.